మెట్లు లేని తలుపు

ఎఫ్రయిమ్ పార్డీ ఇంటి ముందు తలుపుకి మెట్లు లేవు.
నేలకి ఛాతీ ఎత్తున, గోడలో
ఊరికే అలా ఉంటుంది.
న్యూఫౌండ్‌లాండ్‌లో మా రేవు ఇళ్లు చాలావరకు అంతే.
వచ్చేపోయేదంతా వెనక వంటింటి గుమ్మంలోంచే.
ముందు తలుపు తీసేది శవాన్ని దించడానికి,
లేదా పియానో ఎక్కించడానికి.
పియానో ఈ ఊళ్లో ఒక్కటే ఉంది.

అయినా రంగు వేస్తారు.
పడవలోంచి చూస్తే ముందు కనబడేది అదే కదా.

మొన్న మే నెలలో తనే వేసుకున్నాడు, ఎర్రటి ఎనామెల్.
పొద్దు గుంకగానే గడియ పెట్టేశాడు.
వారం తర్వాత లాగితే రాలేదు.
కాలు తన్నిపెట్టి లాగితే వచ్చింది,
చర్రుమని, పుండుకి అంటుకున్న కట్టు ఊడినట్టు.
రబ్బరు పట్టీకి ఎర్రటి పేలిక వేలాడింది.
తలుపు అంచున పాత ఏళ్లు బయటపడ్డాయి:
ఆకుపచ్చ, దాని కింద బూడిదరంగు,
ఇంకా కింద, వాళ్ల నాన్న పడవకి వేయగా మిగిలిన పసుపు.
ఆ పడవ దగ్గరే తమ్ముడు గార్లండ్‌తో చెడింది.
పదకొండేళ్లుగా మాటల్లేవు.

"ట్రైఫీనా, రంగు మంచిది కాదు," అన్నాడు నన్ను పిలిచి.
రంగు మంచిదే పెద్దాయనా. నువ్వే ఆగలేదు.
ఆరడం వేరు, గట్టిపడడం వేరు.
వేలికి అంటకపోతే అయిపోయిందనుకుంటాం,
లోపల పచ్చిగానే ఉంటుంది.
అప్పుడే తెచ్చి రబ్బరుకి అదిమిపెట్టి గడియ వేస్తే
పక్కనున్నదాన్నే పట్టుకుంటుంది.
విడదీస్తే చర్మం అక్కడే వదిలేస్తుంది.

పట్టీ మొత్తం పీకేశాను.
ఊడేదంతా గీకాను, గరుకు కాగితంతో అంచులు కలిపాను,
ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడిగాను.
(ఇక్కడ గాలి నాకినా ఉప్పే.)
ఒక రోజు ఆరనిచ్చి ప్రైమర్.
ఆపైన నీళ్లలో కలిసే రకం రంగు, పల్చగా,
అంచులకి మరీ పల్చగా,
పొద్దున్నే, తేమ విడిచాక.
మూడు రోజులు తలుపు మూయకు, అన్నాను.

"రాత్రి కూడానా?"
రాత్రి కూడా.
"పొగమంచు లోపలికొస్తుంది."
రానీ.

మొదటి రాత్రి పొగమంచే వచ్చిందట.
నట్టింట్లో, ఎవరూ కూర్చోని సోఫా తడిసింది.
ఎవరిదో కుక్క కింద నిలబడి
ఎక్కలేక మొరిగి మొరిగి పోయింది.

రెండో రాత్రి గార్లండ్.
ఇది తర్వాత కొట్లో అతనే చెప్పాడు,
మేకుల పొట్లం చేతులు మార్చుకుంటూ.
టార్చి వేసుకుని పోతూ, తెరిచిన తలుపు చూసి
గుండె జారిందట.
గడప మీద మోచేతులు ఆనించి లోపలికి అడిగాడట:
"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. రంగేశాం."

"ఓహో."

చాలాసేపటికి:
"ఏ రంగు? చీకట్లో తెలీడం లేదు."

"పసుపు."

ఆ తర్వాత ఏమనుకున్నారో గార్లండ్ చెప్పలేదు.
మేకులు కొనుక్కుని వెళ్లిపోయాడు.

నాలుగో రోజు కొత్త పట్టీ బిగించడానికి వెళ్లాను.
గడప కింద చేపల పెట్టె ఒకటి బోర్లించి ఉంది.
రబ్బరు మీద టాల్కం పౌడరు తడి లేకుండా రాశాను,
నెలరోజులు అప్పుడప్పుడు ఇది రాస్తుండు, అన్నాను.
మెల్లగా మూశాను. పది లెక్కపెట్టాను. తీశాను.
చప్పుడే లేదు.

ఎఫ్రయిమ్ అంచుని వేలితో తడిమి చూశాడు.
"ఇంకో కోటు వేద్దామా?"
అక్కర్లేదన్నాను. బాగానే పట్టింది.
"వేస్తే మళ్లీ మూడు రోజులు తెరిచే ఉంచాలి కదూ?"

డబ్బా ఊపి చూశాను.
అడుగున ఒక అంగుళం ఉంది.